ఆవిరి ధర ఎక్కడ తయారవుతుంది?

కొన్నాళ్లుగా థర్మోఎకనామిక్స్, అంటే ప్లాంటులో అయ్యే ఖర్చు దేనికెంత పడుతుందో శక్తి లెక్కలతో తేల్చే శాస్త్రం, చదువుతున్నాను. 1994 నాటి సీజీఏఎం సమస్య దగ్గర మనసు ఆగిపోయింది. ఫ్రాంగోపులోస్, త్సాత్సరోనిస్, వలేరో, ఫాన్ స్పాకోవ్‌స్కీ అనే నలుగురు పరిశోధకుల మొదటి పేర్లలోని తొలి ఇంగ్లీషు అక్షరాలే (C, G, A, M) ఆ పేరు. ఎవరి పద్ధతిని వాళ్లు ఒకే ప్లాంటు మీద ప్రయోగించి చూశారు: గ్యాస్ టర్బైన్ నుంచి 30 మెగావాట్ల కరెంటు, దాని వేడి పొగతో సెకనుకు 14 కిలోల ఆవిరి.

ఇంధనం బిల్లు ఒక్కటే. మరి అందులో కరెంటు వాటా ఎంత, ఆవిరి వాటా ఎంత? ఉత్త వేడి లెక్కన పంచితే ఆవిరి మీద ఎక్కువ భారం పడుతుంది, ఎందుకంటే ఆ వేడంతా పనిగా మారదు. అందుకే పనిగా మారగల భాగాన్ని, అంటే ఎక్సర్జీని బట్టి పంచుతారు.

నన్ను బాగా కదిలించింది ఇంకో విషయం. దహన గది నుంచి బయటికి పోయే వేడి చాలా తక్కువ. అయినా ఎక్సర్జీ అన్నిటికన్నా ఎక్కువగా నాశనమయ్యేది అక్కడే! ఆ తర్వాత ఒక్కో యంత్రం దాటేకొద్దీ, నాశనమైనదాని ఖర్చూ ఆ యంత్రం మీద పెట్టుబడీ మిగిలిన ఎక్సర్జీ మీదే పడి యూనిట్ ధర పెరుగుతూ పోతుంది. అంటే చివర్లో వృథా అయ్యే యూనిట్, మొదట్లో వృథా అయ్యేదానికన్నా ఖరీదు. ఎనర్జీ ఆడిట్ రిపోర్టుల్లో నష్టాల శాతాల పక్కన ఈ రూపాయల కాలమ్ కూడా ఉండాలని గట్టిగా అనిపిస్తోంది.