తండ్రి పేరు చాలని చోట

నేను మొదటిసారి కాగితం మీద గీసుకున్న స్కాట్లాండు ప్రభువుల వంశవృక్షంలో ఒక విచిత్రం జరిగింది. 1306 ఫిబ్రవరి 10న డంఫ్రీస్ పట్టణపు చర్చిలో తరువాత రాజైన రాబర్ట్ బ్రూస్ చేతి కత్తిపోటుకు గురై హతుడైన జాన్ కమిన్, 1308లో ఇన్వరూరీ దగ్గర అదే బ్రూస్‌తో యుద్ధం చేసి ఓడిపోయాడు. హనుమకొండలో మా ఇంటి వసారాలో కూర్చొని, ఆ రెండు తేదీలనూ ఒకే గడిలో రాసుకొని, ఎక్కడ తప్పానో అరగంట దాకా తోచలేదు. హతుడైనవాడు బాడెనాక్ ప్రభువు. ఓడినవాడు అతని బంధువు, బకన్ ఎర్ల్ (ఎర్ల్ అంటే రాజు కింది పెద్ద ప్రభువు). ఇద్దరూ జాన్ కమిన్లే, ఒకే కాలంవారే. పైగా బాడెనాక్ శాఖలో తాత, తండ్రి, మనవడు ముగ్గురూ జాన్లే కావడంతో, మన ఊళ్ళల్లో ఎర్ర మల్లయ్య, నల్ల మల్లయ్య అన్నట్టే, వాళ్ళను ఎర్ర కమిన్, నల్ల కమిన్ అని పిలిచారు. తీరా చూస్తే తాతా ఎర్రే, మనవడూ ఎర్రే.

తాత పేరు మనవడికి పెట్టే ఆచారం మనకు కొత్తది కాదు. మా పెద్దనాన్నకు మా ముత్తాత పేరే పెట్టారు. మామ పేరు నోటితో పలకకూడదు గనుక మా నాయనమ్మ కన్నకొడుకును జీవితాంతం “పెద్దయ్యా” అనే పిలిచింది. ఇంట్లో ఇది ముచ్చటగానే ఉంటుంది గాని, కాగితం మీదికి వచ్చేసరికి ఆ ముచ్చటే చిక్కుముడి అవుతుంది. పేర్లు ఒక తరం విడిచి ఒక తరంలో తిరిగి వస్తున్నప్పుడు, “ఫలానా, తండ్రి ఫలానా” అన్న మాట తాతకూ మనవడికీ సమానంగా సరిపోతుంది. మన కాకతీయులలోనూ మొదటి బేతరాజు, మొదటి ప్రోలరాజు, రెండవ బేతరాజు, రెండవ ప్రోలరాజు అని వరుసగా వస్తారు కాబట్టి, “బేతరాజు కొడుకు ప్రోలరాజు” అని మాత్రమే చెప్పితే అది ఎవరో తేలదు. మొదటి, రెండవ అన్న అంకెలు తరువాతి చరిత్రకారులు మన సౌకర్యం కోసం తగిలించినవి; ఆ రాజులు వాటిని ఎరుగరు.

బ్రూసుల సంగతి ఇంకా కఠినం, ఎందుకంటే అక్కడ తరం విడవడం కూడా లేదు. స్కాట్లాండు రాజు డేవిడ్ నుంచి అనన్‌డేల్ సీమను పొందిన మొదటివాడు రాబర్ట్, అతని కొడుకు రాబర్ట్, ఆ తరువాత ఊపిరి తీసుకోవడానికన్నట్టు ఒక విలియం, అతని తరువాత వరుసగా నలుగురు రాబర్ట్‌లు. ఆ నలుగురిలో చివరివాడే 1306లో పట్టాభిషిక్తుడైన రాజు. 1292 నాటికి తాత, తండ్రి, మనవడు ముగ్గురూ బతికే ఉన్నారు కాబట్టి, ఆ కాలపు పత్రంలో “రాబర్ట్ బ్రూస్” అని కనిపిస్తే తండ్రి పేరు చూసి లాభం లేదు, ఏ భూమికి ప్రభువో చూడాలి. అనన్‌డేల్ ప్రభువు అని ఉంటే, 1295లో మరణించేదాకా అది తాత. అక్కడినుంచి 1304 దాకా తండ్రి. వాళ్ళకున్న మరో సీమ కారిక్‌కు ఎర్ల్ అని ఉంటే, 1292 నవంబరుకు ముందైతే తండ్రి, తరువాతైతే మనవడు, ఎందుకంటే ఖాళీ అయిన స్కాట్లాండు సింహాసనం ఎవరిదన్న వ్యాజ్యంలో తీర్పు తాతకు పోటీదారైన జాన్ బేలియల్ వైపు మొగ్గిన ఆ నెలలోనే తాత తన హక్కును కొడుకుకు, కొడుకు తన కారిక్‌ను మనవడికి అప్పగించారు. నెల తప్పితే మనిషే తప్పిపోతాడు.

ఇక్కడే నాకు అసలు దారి దొరికింది. కారిక్ బ్రూసులకు తండ్రి వైపు నుంచి రాలేదు, మార్జరీ అనే ఆడబిడ్డతో వచ్చింది. తాత సింహాసనం కోరింది కూడా తన తల్లి, హంటింగ్డన్ ఎర్ల్ డేవిడ్ కూతురు ఇజబెల్లా ద్వారానే. చర్చిలో హతుడైన జాన్ కమిన్ తల్లి బేలియల్ రాజు తోబుట్టువు. బకన్ జాన్ కమిన్ భార్య ఇజబెల్లా అయితే, భర్త పక్షాన్ని కాదని బ్రూస్ తలమీద కిరీటం పెట్టిన మనిషి. మగవాళ్ళ పేర్లు ఎన్ని కలిసిపోయినా, తల్లినీ భార్యనూ పక్కన రాసుకుంటే ఇద్దరు జాన్లు ఒక్క గడిలో ఇమడరు. వంశవృక్షాలు గీసేవాళ్ళు ఆడవాళ్ళను అంచున చిన్న అక్షరాలలో రాసి వదిలేయడం నాకు ఎప్పుడూ నచ్చలేదు, ఇప్పుడైతే అది పొరపాటే అనిపిస్తున్నది.

పేరు మార్చుకున్నవాళ్ళు మరో తలనొప్పి. బ్రూస్ రాజు కూతురి కొడుకు, తాత పేరే పెట్టుకున్న రెండవ రాబర్ట్, 1390లో మరణించినప్పుడు గద్దెనెక్కిన పెద్దకొడుకు అసలు పేరు జాన్. గద్దె పోగొట్టుకున్న జాన్ బేలియల్ వల్ల ఆ పేరు అచ్చిరాదని తలచి అతడు మూడవ రాబర్ట్ అయ్యాడు, తమ్ముడొకడు పుట్టుకతోనే రాబర్ట్ అయి ఉండగా! మన ఓరుగల్లులోనూ రుద్రమదేవి శాసనాలలో రుద్రదేవ మహారాజుగా కనిపిస్తుంది. వేయిస్తంభాల గుడిలో 1163 నాటి శాసనం వేయించిన రుద్రదేవుడు వేరు. అతన్నే మొదటి ప్రతాపరుద్రుడిగా లెక్కించే పాత పుస్తకాలు, 1289లో గద్దెనెక్కిన రుద్రమ కూతురి కొడుకును రెండవ ప్రతాపరుద్రుడు అంటాయి. గుడికి వచ్చినవాళ్ళు ఇద్దరినీ కలిపి ఒకే కథగా పిల్లలకు చెప్పడం నేను చాలాసార్లు విన్నాను.

ఈ ఏడు మా భూమి కాగితాల కోసం 1954–55 నాటి ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో రాసిన సర్కారు లెక్క) నకలు తీసుకున్నప్పుడు, ఒక చెలక పట్టాదారుగా ఉన్న పేరు ముత్తాతదో పెద్దనాన్నదో తేలలేదు, ఇద్దరి తండ్రుల పేర్లూ ఒక్కటే కాబట్టి. తల్లి పేరుకు పహాణీలో గడి లేదు. తొంభై ఏళ్ళ మా పెద్దమ్మకు ఆ సర్వే నంబరు ఏ చెరువు పక్కదో చెప్పి అడిగితే, ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “అది మీ తాతమ్మకు ఆమె అవ్వగారు పసుపుకుంకుమ కింద ఇచ్చిన చెలక బిడ్డా, మీ పెద్దనాయనది ఎట్లయితది?” అన్నది.