పాడైన స్ప్రే పంపు వాపసు ఇవ్వడానికి 29 రోజులు: నా అనుభవం

ఈ రోజు పొద్దున బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. 3,250 రూపాయలు జమ అయ్యాయి. వస్తువు ఇంటికొచ్చిన 29వ రోజున పైసలు తిరిగొచ్చాయి. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మాది దేవరకొండ దగ్గర పల్లె. నేను మిర్యాలగూడలో ఒక స్కూల్లో పాఠాలు చెబుతాను. నాయన నాలుగెకరాల్లో పత్తి వేశాడు. పాత చేతి పంపుతో మందు కొట్టీ కొట్టీ ఆయన భుజం పట్టేసింది. అందుకని 16 లీటర్ల బ్యాటరీ పంపు ఆన్‌లైన్‌లో నేనే బుక్ చేశాను. ఒకసారి ఛార్జింగ్ పెడితే 15 ట్యాంకులు కొట్టవచ్చని అక్కడ రాశారు. ఇంటికొచ్చాక డబ్బులు కట్టాం. రాత్రంతా ఛార్జింగ్ పెట్టి, మందు కలపకుండా ఉత్త నీళ్లు పోసి చూశాం. రెండో ట్యాంకు సగం కాకముందే మోటారు ఆగిపోయింది. మర్నాడు కూడా అంతే. వీడియో తీసి, యాప్‌లో రిటర్న్ పెట్టాను. ఐదు నిమిషాల పని.

నాలుగో రోజు ఆదివారం, నేను ఊళ్లోనే ఉన్నాను. పంపు తీసుకెళ్లడానికి వచ్చిన పిలగాడు ఇంటిదాకా రాలేదు. చౌరస్తాలో కిరాణా కొట్టు ముందు బండి ఆపి, అక్కడికే తెమ్మని ఫోన్ చేశాడు. నాయన అప్పుడే చేను నుంచి వచ్చాడు. ఆ పొద్దంతా పాత పంపుతోనే మందు కొట్టాడు. అంగీ కూడా మార్చుకోకుండా నా వెంట వచ్చాడు. కొట్టు అరుగు మీద ఏడెనిమిది మంది కూర్చొని ఉన్నారు.

ఆ పిలగాడు ట్యాంకు మూత తీసి చూశాడు. లోపల తడి ఉంది.

"వాడిన్రు కదా. మందు వాసన వస్తుంది. నేను తీసుకపోను."

"తమ్మీ, నీళ్లు పోసి చూడకపోతే పనిచేస్తలేదని ఎట్ల తెలుస్తది? మందు వాసన మా నాయన అంగీది. ఇప్పుడే చేను కాడి నుంచి వచ్చిండు."

"అందరూ ఇట్లనే చెప్తరక్కా. సీజన్‌ల వాడుకునుడు, పని అయిపోయినంక తిప్పి పంపుడు. ఈ పల్లెలల్ల ఇదే పని."

అరుగు మీద ఎవరో నవ్వారు. మా నాయన ఎరువుల కొట్లో ఉద్దెర పెట్టినా, పత్తి అమ్మిన రోజే పోయి బాకీ కట్టి వచ్చే మనిషి. ఆయన ఏమీ అనలేదు. పంపును వంచి, అడుగున మిగిలిన నీళ్లు దోసిట్లో పోసుకున్నాడు. "మందు ఉంటే నేను తాగుతనా? సూడు పిలగా" అని నోటి దగ్గరికి తెచ్చాడు. నేను చేయి పట్టుకుని గుంజితే నీళ్లన్నీ నా చీర మీద పడ్డాయి. ఆ పిలగాడు ఫోన్లో ఏదో నొక్కి, బండి తిప్పుకొని వెళ్లిపోయాడు. మోటారు పనిచేస్తుందో లేదో స్విచ్ వేసి ఒక్కసారి కూడా చూడలేదు.

ఇంటికి చేరేలోపే మెసేజ్ వచ్చింది: "మీరు రిటర్న్ రద్దు చేసుకున్నారు." ఎవరు రద్దు చేసుకున్నారు? నేనా?

వాడుకొని తిప్పి పంపేవాళ్లు ఉంటారు, కాదనను. తనిఖీ చేయండి. కానీ తనిఖీ అంటే వస్తువును చూడాలి. మనిషి అంగీని, ఊరి పేరును చూసి దొంగతనం అంటగట్టడం ఏం తనిఖీ? ఆ రోజు రాత్రి నాయన అన్నం తినలేదు. మర్నాటి నుంచి వారం రోజులు చౌరస్తా మీదుగా కాకుండా చెరువు కట్ట మీది నుంచి చేనుకు పోయాడు. మూడు వేలు పోతే పోయాయి, ఊకో బిడ్డా అన్నాడు. నేను ఊకోలేదు.

మళ్లీ రిటర్న్ పెట్టాను. ఆరో రోజు ఎవరూ రాలేదు, యాప్‌లో మాత్రం "ఇంటికి తాళం" అని పెట్టారు. నాయన ఆ రోజు పని మానుకొని గడపలోనే కూర్చున్నాడు. ఏడో రోజు దాటగానే గడువు ముగిసిందని రిటర్న్ బటనే తీసేశారు. చాట్‌లో ఐదుసార్లు అడిగాను. ఐదుసార్లూ చింతిస్తున్నాం అన్నారు. చాట్ మీద టైమ్ పాడు చేసుకోకండి, అక్కడ ఉన్నవాళ్ల చేతిలో ఏమీ లేదు.

మా బంధువుల్లో ఒక లాయర్ ఉన్నాడు. ఆయన్ని అడిగితే లాయర్ లేకుండా కేసు కాదు, ముందు ఐదు వేలు ఇవ్వమన్నాడు. మూడు వేల పంపుకు ఐదు వేలు! ఆయన చెప్పింది తప్పు. ఆ రాత్రి చట్టం నేనే చదివాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లాయర్ అక్కర లేదు. వస్తువు ధర ఐదు లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో, అంటే జిల్లా వినియోగదారుల కోర్టులో, ఫీజు కూడా లేదు. కంపెనీ ఏ ఊళ్లో ఉన్నా, మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. రెండేళ్ల దాకా గడువు ఉంది. ఈ ఫిర్యాదుల కోసం ప్రభుత్వం పెట్టిన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చొనే వేయవచ్చు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం వస్తువులో లోపం ఉన్నా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా, అమ్మినవాడు వాపసు తీసుకోననడానికి, డబ్బులు ఇవ్వననడానికి వీల్లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆ నియమాల ప్రకారం ప్రతి షాపింగ్ యాప్ తన గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) పేరు, వివరాలు అందరికీ కనపడేలా పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు ఆయన 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ఆ వివరాలు యాప్‌లోనే వెతకండి. గూగుల్‌లో దొరికే కస్టమర్ కేర్ నంబర్లకు ఫోన్ చేయకండి, వాటిలో దొంగ నంబర్లు చాలా ఉంటాయి.

ఎనిమిదో రోజు ఆ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టాను. బిల్లు, వీడియో, "రద్దు చేసుకున్నారు" అన్న మెసేజ్ ఫొటో అన్నీ జతచేశాను. నల్లగొండ జిల్లా కమిషన్‌కు వెళ్తానని తేదీతో సహా రాశాను. రెండు రోజులకు టికెట్ నంబర్ వచ్చింది, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. 14వ రోజు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు. ఎవరూ మధ్యలో ఆపకుండా నా మాట పూర్తిగా విన్నది అక్కడే. వాళ్లు తీర్పు ఇవ్వరు, ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రాబడతారు. నాకు అదే సరిపోయింది. 21వ రోజు కంపెనీ వాళ్లే ఫోన్ చేసి, మార్చి ఇస్తామన్నారు. అక్కర లేదు, డబ్బులే కావాలన్నాను. 23వ రోజు వేరే అతను వచ్చాడు, ఇంటిదాకా వచ్చాడు. స్విచ్ వేసి చూసి, ఓటీపీ తీసుకొని వెళ్లాడు.

నేను చేసిన తప్పు ఒక్కటే. ఆ ఆదివారం ఫోన్ తీసి వీడియో పెట్టలేదు. పెట్టి ఉంటే, రద్దు చేసింది ఎవరో మొదటి రోజే తేలిపోయేది. వస్తువు తీసుకోవడానికి ఎవరు వచ్చినా వీడియో పెట్టండి, తీసుకోనంటే కారణం వాళ్ల నోటితోనే చెప్పించండి. పంపు వాళ్ల చేతికి ఇవ్వకముందు ఓటీపీ చెప్పకండి.

పైసలు పడ్డాయని నాయనకు ఫోన్ చేస్తే, ఆదివారం ఇంటికి రమ్మన్నాడు. "ఆ మెసేజ్ తీసేయకు బిడ్డా. కిరాణా కొట్టు కాడ అందరికీ ఇనపడేటట్టు సదువుదువు" అన్నాడు.