కమోడోర్ 64: ఖాళీ గళ్లలో కొటేషన్ మార్కులు

మళ్లీ అవే కొటేషన్ మార్కులు! నిన్న రాత్రి కమోడోర్ 64 (1980ల నాటి ఇంటి కంప్యూటర్) ఆన్ చేస్తే నీలం స్క్రీన్, 38911 బైట్లు ఖాళీ అన్న వరుస, మెరిసే కర్సర్, అన్నీ చక్కగా వచ్చాయి. ఇరవై నిమిషాలు దాటగానే ఖాళీగా ఉండాల్సిన గళ్లలో అక్కడొకటి ఇక్కడొకటి కొటేషన్ మార్కులు మొలిచాయి. ఇంకో ఐదు నిమిషాలకు స్క్రీన్ నిండా అవే, మిణుకుమిణుకుమంటూ. చాలా కాలంగా దీనితో కుస్తీ పడుతున్నా. ఈసారి మాత్రం దొంగ ఎక్కడ దాక్కున్నాడో దాదాపు తెలిసిపోయింది. ఆ ఉత్సాహంలోనే ఇదంతా రాస్తున్నా.

ఏది దేనిగా మారుతోందో చూస్తే సగం సంగతి అక్కడే ఉంది. స్క్రీన్ మెమరీలో (ఏ గడిలో ఏ అక్షరమో అంకెల్లో ఉండే చోటు) ఖాళీ గడి విలువ 32, కొటేషన్ మార్కు విలువ 34. తేడా 2. అంటే సున్నా నుంచి లెక్కపెడితే ఒకటో బిట్, అది 0గా ఉండాల్సిన చోట 1 అవుతోంది. ‘రెడీ’ అన్న ఇంగ్లిష్ మాట మీద సరిచూశా. ఆర్ అలాగే ఉంది, ఇ కాస్తా జి అయింది, ఎ సి అయింది, డి ఎఫ్ అయింది, వై ఉండాల్సిన చోట చదరపు బ్రాకెట్ వచ్చింది. ఆర్ విలువ 18, అందులో ఆ బిట్ ముందే 1, కాబట్టి మారలేదు. లెక్క ఎక్కడా తప్పలేదు.

ఒక బిట్ అనగానే ఎవరైనా ముందు ర్యామ్‌నే అనుమానిస్తారు. ఈ బోర్డులో 4164 రకం ర్యామ్ చిప్‌లు ఎనిమిది, ఒక్కో బిట్‌కి ఒక్కోటి. ఒకటో బిట్ బోర్డు మీద యు9 అని రాసున్న చిప్‌ది. దాన్ని పీకి, సాకెట్ వేసి, 150 నానోసెకన్ల కొత్త చిప్ పెట్టా. ఇరవై నిమిషాలకు మళ్లీ అదే తంతు.

తర్వాత వోల్టేజ్. అడాప్టర్ ప్లగ్ దగ్గర 5.09, యు9కి కరెంటు అందే ఎనిమిదో పిన్ దగ్గర 4.71! బోర్డు మీదున్న 74 సిరీస్ చిప్‌లకు కనీసం 4.75 ఉండాలి. మధ్యలో 0.38 వోల్టులు ఎక్కడ పోతున్నాయని వెతికితే పవర్ స్విచ్‌లో దొరికాయి. 5 వోల్టుల లైన్ ఆ స్విచ్ గుండానే వెళ్తుంది, నలభై ఏళ్లలో లోపలి కాంటాక్టులు నల్లబడిపోయాయి. విప్పి, డీఆక్సిట్ అనే కాంటాక్ట్ క్లీనర్‌తో తుడిచి, మళ్లీ బిగిస్తే 5.03కి వచ్చింది. (ఈ పనికి డీఆక్సిట్‌ని మించింది నేను చూడలేదు. మామూలు ఆల్కహాల్ మురికిని తీస్తుంది కానీ ఆ నల్లటి పొరను ఏమీ చేయలేదు.) వోల్టేజ్ బాగుపడింది, కొటేషన్ మార్కులు మాత్రం టైమ్ ప్రకారం వచ్చేశాయి.

అసలు మలుపు పీక్ ఆదేశంతో వచ్చింది, మెమరీలో ఒక అడ్రస్ దగ్గర ఏ విలువ ఉందో చెప్పే బేసిక్ ఆదేశం అది. స్క్రీన్ అంతా పాడైపోయి ఉన్నా మెషీన్ ఆగిపోవడం లేదు, కీబోర్డ్ పనిచేస్తూనే ఉంది. అందుకని చివరి వరుసలో కొటేషన్ మార్కు కనిపిస్తున్న ఒక గడి, 1999వ అడ్రస్, విలువ ఎంతో అడిగా. జవాబు 32. అంకెలు కూడా ఆ బిట్ వల్ల మారొచ్చు కదా అని ఆలోచిస్తే, 3లోనూ 2లోనూ ఆ బిట్ ఎలాగూ 1గానే ఉంటుంది. నిజంగా 34 అయ్యుంటే అది 34గానో 36గానో కనిపించాలి. ఏ అవకతవకలోనూ 32గా కనిపించదు. అంటే మెమరీలో ఉన్నది సరైన విలువే. ప్రాసెసర్ సరిగ్గా చదువుతోంది, బొమ్మ గీసే విఐసి చిప్ దాన్నే తప్పుగా చదువుతోంది.

దానికి ఇంకో సాక్ష్యం ఫోన్ కెమెరాలో దొరికింది. ఎల్‌సీడీ మానిటర్ మీద కంటికి ఆనలేదు కానీ దగ్గరగా తీసిన ఫోటోలో ఒక్కో గడిలో కుడి నుంచి రెండో నిలువు వరుస వెలిగి ఉంది, జుట్టు మందాన ఒక గీత. అక్షరాల ఆకారాలు వచ్చేది ర్యామ్ నుంచి కాదు, వేరే రోమ్ చిప్ (చెరగని సమాచారం ఉండే చిప్) నుంచి. రెండు వేర్వేరు చిప్‌ల నుంచి వచ్చే సమాచారంలో ఒకే బిట్ పాడవుతోందంటే తప్పు ఆ రెండింటిలోనూ లేదు, చదివేవాడి దగ్గరే ఉంది. ఆ బిట్ లోపలికి వెళ్లే విఐసి చిప్ ఆరో పిన్, అంతే.

అయితే చిప్ లోపలా, సాకెట్‌లోనా? ఇప్పుడు ఇక్కడే ఇరుక్కున్నా. విఐసికి ఈ పాత బోర్డులో 5 వోల్టులు సొంత 7805 వోల్టేజ్ రెగ్యులేటర్ నుంచి వస్తాయి, 5.01, కదలడం లేదు. 12 వోల్టుల లైన్ 11.94. కరెంటు వైపు ఏ లోటూ లేదు. వేడికీ దీనికీ సంబంధం మాత్రం ఖాయం. విఐసి చుట్టూ ఉన్న రేకు పెట్టె మూత ఉంటే చిప్ పైభాగం 57 డిగ్రీలు, ఇరవై నిమిషాలకే గోల మొదలు. మూత తీసేస్తే 48 డిగ్రీలు, నలభై నిమిషాల దాకా బాగానే నడుస్తుంది. కూలింగ్ స్ప్రే కొడితే స్క్రీన్ వెంటనే శుభ్రపడుతుంది కానీ దానివల్ల తేలేదేమీ లేదు, చిప్పూ సాకెట్టూ రెండూ కలిసే చల్లబడతాయి.

నా అనుమానం సాకెట్ మీదే. ప్లాస్టిక్ పుల్లతో చిప్‌ని ఒకటో పిన్ వైపు నొక్కితే మార్కులు మాయమవుతున్నాయి, అవతలి వైపు నొక్కితే ఏమీ లేదు. చల్లగా ఉన్నప్పుడు ఆరో పిన్ కాలు నుంచి బోర్డు కింది సాల్డర్ దాకా 0.3 ఓంలు. వేడిగా ఉండగా ఆపేసి వెంటనే కొలిస్తే 3 నుంచి 11 మధ్య ఊగుతోంది. పక్క పిన్‌లన్నీ 0.2 దగ్గర కదలకుండా ఉన్నాయి. 11 ఓంలు ఈ సిగ్నల్‌ని ఆపలేవు, నిజమే. కానీ అలా ఊగే కాంటాక్ట్ పూర్తిగా వదిలేసే క్షణాలు కూడా ఉంటాయి. కింద సాల్డర్ పగిలి ఉండే అవకాశం కూడా ఉంది, భూతద్దంలో మాత్రం ఏమీ కనిపించలేదు.

మిగతా కబుర్లు. సైకిల్ చెయిన్ మార్చేశా. పన్నెండు జతల లింకులు 304.8 మిల్లీమీటర్లు ఉండాల్సింది 306.9 వచ్చింది, ఇంకొంచెం ఆగితే వెనక పళ్ల చక్రాలు కూడా పోయేవి. కొత్తది కేఎంసీ, చేత్తో తీసి పెట్టుకునే లింకుతో. పిన్ను కొట్టి బిగించే షిమానో పద్ధతికి ఇక తిరిగి వెళ్లను. మైనం పట్టించి నడుపుతున్నా, కాలనీ చివర కొత్త రోడ్డు దుమ్ములోనూ చప్పుడు లేదు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ అయిపోయిందన్న వార్త వచ్చినప్పటి నుంచి మా వీధిలో గేట్ల బయట పాత కంప్యూటర్లు కనిపిస్తున్నాయి. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 భద్రతా చిప్ లేదన్న ఒక్క కారణానికి మంచి మెషీన్లను చెత్తలో పెట్టడం నాకు అస్సలు నచ్చదు. ఒకటి అడిగి తెచ్చుకుని లినక్స్ మింట్ వేశా, హాయిగా నడుస్తోంది. అదే ఏడాది సెప్టెంబర్‌లో వచ్చిన వార్త మాత్రం మనసుకు పట్టింది. 6502 ప్రాసెసర్ కోసం రాసిన పాత బేసిక్ ప్రోగ్రామింగ్ భాష సోర్స్ కోడ్‌ని మైక్రోసాఫ్ట్ ఎవరైనా వాడుకోగల ఎంఐటీ లైసెన్స్‌తో బయటపెట్టింది. కమోడోర్ 64 బేసిక్ ఆ వంశానిదే. నాకు దారి చూపిన పీక్ ఆదేశం ఎలా పనిచేస్తుందో ఇప్పుడు వరుస వరుసగా చదువుకోవచ్చు.

వచ్చే వారం విఐసి సాకెట్ తీసేసి గుండ్రటి పిన్‌ల రకం వేస్తా. నలభై కాళ్ల సాల్డర్ ఊడదీయాలి, పాత బోర్డు రాగి గీతలు వేడికి లేచిపోతాయేమో అన్న టెన్షన్ ఉంది, అందుకే ముందు ప్రతి కాలికీ కొత్త సాల్డర్ కొంచెం కలిపి ఆ తర్వాతే పీలుస్తా. అప్పటికీ గోల ఆగకపోతే తప్పు చిప్‌దే. విఐసి బదులు పెట్టుకోవడానికి ఎఫ్‌పీజీఏతో (లోపలి సర్క్యూట్‌ని మనమే మలచుకోగల చిప్) చేసిన కవారి ఉంది కానీ అసలు చిప్ దొరికే అవకాశం ఉన్నంతవరకు దాని జోలికి పోను. సాకెట్ వచ్చేలోపు సైకిల్ ముందు చక్రానికి డైనమో హబ్ (తిరుగుతుంటే కరెంటు పుట్టించే ఇరుసు భాగం) చువ్వలతో అల్లాలి, 6 వోల్టులు 3 వాట్లది. చువ్వల పొడవు లెక్క ఇంకా తేలలేదు, రిమ్ లోపలి వ్యాసం ఇంకోసారి కొలవాలి.