జోగ్జాలో దోశంటే పాపం

ఇండోనేషియాలో, జావా దీవి మీదున్న యోగ్యకర్తలో దిగిన పూటే నవ్వులపాలయ్యాను. కాగితం మీద యోగ్యకర్త కానీ అక్కడివాళ్ల నోట్లో జోగ్జా. మా కారు నడిపే కుర్రాడు మాట కలుపుతూ "మీ ఇంట్లో పొద్దున్నే ఏం తింటారు ఇబూ?" అని అడిగాడు. ఇబు అంటే అమ్మ. కాస్త వయసున్న ఆడవాళ్లనెవరినైనా అలాగే పిలుస్తారు. మా ఆయన ‘పాక్’, అంటే నాన్నగారు.

"రోజూ రెండు దోశలు తింటాం" అన్నాను.

అద్దంలోంచి నన్నోసారి ఎగాదిగా చూశాడు. "రోజూ రెండా?" అని పడీపడీ నవ్వాడు. ఇండోనేషియా భాషలో ‘దోసా’ అంటే పాపమట. మన దోషమే సముద్రం దాటి బరువెక్కింది.

ఇక అక్కడున్న ఆరు రోజులూ మాకదే ఆట. కాలేజీ కుర్రాడు ‘మహాసిస్వ’, అంటే మహాశిష్యుడు. స్వర్గం ‘సుర్గా’, నరకం ‘నెరాకా’. మతాన్ని ‘అగామ’ అంటారు. రంజాన్ ఉపవాసానికి వాళ్ల మాట ‘పువాసా’, అది మన ఉపవాసమే. కరెంటు పెట్టెల మీద ప్రమాదం అనడానికి ‘బహాయ’ అని రాసుంటుంది. చదవగానే భయమని అర్థమైపోయింది. ప్రేమను మాత్రం ‘చింతా’ అంటారు. "ఈ మాట పెట్టినవాడికి పెళ్లయి చాలా ఏళ్లయి ఉంటుంది" అన్నారు మా ఆయన. భర్త ‘సువామి’ అని తెలిశాక ఆయన రెండ్రోజులు నేల మీద నడవలేదు. సామాన్లు మోసింది కూడా ఆ స్వామే అనుకోండి.

నేనేమో ప్రతి మాటకీ "ఇది మాదే" అని మురిసిపోతున్నాను. ప్రంబనాన్ వెళ్లేదాకా ఆ ఊపు తగ్గలేదు.

ఆ రోజు శుక్రవారం. మా డ్రైవరు పేరులో సాక్షాత్తూ విష్ణుమూర్తి ఉన్నాడు. మమ్మల్ని గుడి దగ్గర దింపి, జుమ్మా నమాజుకి వెళ్లొస్తానన్నాడు. తిరిగొచ్చాక ఆగలేక అడిగేశాను, ముస్లింవి కదా, ఈ పేరేమిటని. అతనికి ప్రశ్నే అర్థం కాలేదు. "పేరు జావాది ఇబూ. మతం ఇస్లాం" అన్నాడు, చొక్కా వేరు, ప్యాంటు వేరు అన్నంత మామూలుగా.

ప్రంబనాన్ తొమ్మిదో శతాబ్దం నాటి గుళ్ల సముదాయం. మధ్యలో శివాలయం 47 మీటర్ల ఎత్తు, నల్లరాతితో నిప్పులా పైకి లేచినట్టుంటుంది. లోపల తూర్పు గదిలో శివుడు, పడమట వినాయకుడు, దక్షిణాన అగస్త్యుడు. వింధ్య దాటినాయన సముద్రం కూడా దాటాడన్నమాట! ఉత్తరం గదిలో ఎనిమిది చేతులతో మహిషాసురమర్దిని. చీకట్లో కాసేపు నిలబడితే గానీ కాళ్ల కింద దున్నపోతు కనపడలేదు. నేను చేతులు జోడించి "దుర్గమ్మ" అన్నాను. మా డ్రైవరు మర్యాదగా తలూపి, "ఈమె రోరో జొంగ్‌గ్రాంగ్" అంటూ కథ మొదలుపెట్టాడు.

ఆమె రాజకుమారి. తండ్రిని చంపినవాడే పెళ్లాడతానని వస్తే, ఒక్క రాత్రిలో వెయ్యి గుళ్లు కట్టమంది. వాడు భూతాల్ని పిలిచి 999 కట్టేశాడు. అప్పుడీమె ఊరి ఆడవాళ్లందర్నీ లేపి వడ్లు దంచించింది, తూర్పున మంటలు వేయించింది. రోకటిపోటు విని కోళ్లు తెల్లారిందనుకుని కూశాయి, భూతాలు పరారయ్యాయి. మోసం తెలిసి వాడు శపిస్తే, వెయ్యో గుడికి ఆమే విగ్రహమైపోయింది.

మళ్లీ ఆ మొహం కేసి చూశాను. ఈసారి దుర్గమ్మ కనపడలేదు, దంచుతున్న రోకళ్ల చప్పుడు వింటూ నిలబడ్డ పిల్ల కనపడింది. "ఇది మాదే" అన్న మాట ఆ తర్వాత నా నోట రాలేదు.

మర్నాడు రాత్రి తోలుబొమ్మలాటకి వెళ్లాం. సోనోబుదోయో మ్యూజియంలో చిన్న ఆట ఉంటుంది. దాన్ని వాయాంగ్ కులిత్ అంటారు. కులిత్ అంటే తోలు. మన బొమ్మలు రంగులద్ది, పలచగా చేసి, దీపం వెలుగు తమలోంచి పోనిస్తాయి. వాళ్లవి గేదె తోలువి, మందం. నీడ నల్లగా పడుతుంది, చెక్కిన సందుల్లోంచే వెలుగు చుక్కలు. తెరకి ఆ పక్క కూర్చుంటే నీడలు, ఈ పక్క కూర్చుంటే బంగారురంగు బొమ్మలూ ఆడించేవాడూ. మేం ఈ పక్కే కూర్చున్నాం. ఆడించేవాణ్ణి ‘దలాంగ్’ అంటారు. రాముడు, రావణుడు, సీత, కోతులు, అందరి గొంతులూ ఒక్కడివే. చేతుల్లో బొమ్మలు, కుడికాలి వేళ్లతో లోహపు రేకుల్ని ఝణఝణ మోగిస్తూనే వెనక గమెలాన్ వాద్యబృందానికి సైగలు. ఆట అవనివ్వకుండా మధ్యలో లేచి వెళ్లిపోయే పర్యాటకుల్ని చూస్తే ఒళ్లు మండింది. పల్లెల్లో అయితే ఇదే ఆట తెల్లవార్లూ సాగుతుందట.

సెమార్ గురించి చెప్పాలి. బానపొట్ట, పొట్టి మనిషి, వెంట ముగ్గురు కొడుకులు. రామాయణంలోనూ లేడు, భారతంలోనూ లేడు, తెర మీద మాత్రం నవ్వులన్నీ వాడివే. పైకి సేవకుడే కానీ లోపల దేవుడంటారు జావావాళ్లు. వాడు తెర మీదకి రాగానే నాకు మన బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు గుర్తొచ్చారు. వాళ్లూ వాల్మీకికి తెలియనివాళ్లే. వాల్మీకి పెట్టని మనుషుల్ని రెండుచోట్లా తోలుబొమ్మలవాళ్లే పెట్టుకున్నారు.

ఇండోనేషియా వాళ్లలో దాదాపు 87 శాతం ముస్లింలు. ప్రభుత్వం ఆరు మతాల్ని గుర్తిస్తుంది. అందులో కాథలిక్‌లు వేరు, ప్రొటెస్టెంట్లు వేరు. గుర్తింపు కార్డు మీద మతానికో గడి ఉంటుంది. అది నాకు నచ్చలేదు, ఉన్నమాట చెబుతున్నాను.

నచ్చినదేమిటంటే భాష. అన్నిటికన్నా ఎక్కువమందికి అమ్మభాష జావనీస్ అయినా, 1928 అక్టోబర్ 28న అందర్నీ కలిపే భాష ఇదేనని యువకులు ప్రమాణం చేసింది మలయ్ నుంచి వచ్చిన ఇండోనేషియన్ మీద. జావనీస్‌లో పెద్దచిన్నల లెక్క చాలా ఎక్కువ. ‘తినడం’ తోటివాడికైతే ‘మంగన్’, మర్యాదకి ‘నెధొ’, పెద్దలకి ‘ధహర్’. మనం తిన్నావా, భోంచేశారా, స్వామివారు ఆరగించారా అన్నట్టు. కాకపోతే వాళ్లకి రోజువారీ మాటలు చాలావాటికి ఇలా వరసలున్నాయి. ఇండోనేషియన్‌కి ఈ గొడవ తక్కువ. బహువచనం కావాలంటే మాటని రెండుసార్లు అంటే చాలు: ‘అనక్’ పిల్లాడు, ‘అనక్ అనక్’ పిల్లలు.

బెరింగ్‌హర్జో బజారులో బాతిక్ గుడ్డ, అంటే మైనంతో అద్దకం వేసిన గుడ్డ కొన్నాను. కుడిచేతిలో సంచీ ఉందని నోటు ఎడంచేత్తో ఇచ్చాను. ఆ పెద్దావిడ ఏమీ అనలేదు, నోటు వంక చూస్తూ ఒక్క క్షణం ఆగింది. మా పిల్లల్ని ఇదే విషయానికి ఎన్నిసార్లు కేకలేశానో! "మాఫ్" అని చేయి మార్చాను. క్షమించమనడానికి వాళ్లూ అదే మాట వాడతారు. ఆవిడ నవ్వి, నాకు దారి చూపించింది, గుప్పిట మూసి బొటనవేలితో. చూపుడువేలు చూపిస్తే అమర్యాద.

గుదెగ్ అని అక్కడ లేత పనసకాయ కూర. పేరు వినగానే ఆవపెట్టిన పనసపొట్టు ఊహించుకున్నాను. కొబ్బరిపాలు, తాటిబెల్లం పోసి గంటలకొద్దీ ఉడికించారు, పాయసంలా తియ్యగా ఉంది. మా ఆయన రెండోసారి వడ్డించుకున్నారు. నేను పచ్చిమిరపకాయ అడిగి కొరుక్కున్నాను.

ఇంటికొచ్చిన మర్నాడు పెనం మీద మొదటిది వేస్తుండగా వెనకనుంచి గొంతు వినపడింది:

"ఏమోయ్, నాకు రెండు పాపాలు. ఒకటి ఉల్లిపాయలేసి."