పోతన పద్యం పక్కన సముద్రాల మాట

భక్తకవి జీవితాన్ని సినిమాగా రాయబూనిన రచయితకు తక్కిన రచయితలకు లేని చిక్కు ఒకటి ఉంటుంది. కథానాయకుడే మహాకవి కావడం వల్ల, ప్రేక్షకులకు చిన్ననాటి నుంచీ కంఠస్థమైన పద్యాల నడుమ రచయిత తన సొంత వాక్యాన్ని కూర్చోబెట్టాలి. అది పద్యంతో పోటీ పడితే ఎబ్బెట్టుగా ఉంటుంది, మరీ పేలవంగా ఉంటే కథ కుంటుతుంది. ఈ చిక్కును సినీ రచయిత సముద్రాల రాఘవాచార్య ఐదేళ్ల వ్యవధిలో మూడుసార్లు ఎదుర్కొన్నారు. 1943లో ‘భక్త పోతన’, 1946లో ‘త్యాగయ్య’, 1947లో ‘యోగి వేమన’. మూడింటికీ నాయకుడు చిత్తూరు నాగయ్యే.

సముద్రాల 1902 జూలై 19న గుంటూరు జిల్లా రేపల్లె తాలూకాలోని పెదపులివర్రులో జన్మించారు. గూడవల్లి రామబ్రహ్మం నడిపిన ‘ప్రజామిత్ర’ పత్రికలో కొంతకాలం పనిచేసి, 1937లో ‘కనకతార’తో సినీరంగంలో అడుగుపెట్టారు. ఆ తరువాత ‘గృహలక్ష్మి’ మొదలుకొని వాహినీ వారి తొలి చిత్రాల దాకా ఆయన రాసినవి ఎక్కువగా సాంఘికాలే. ఈ సంగతిని నేను ముఖ్యమైనదిగా భావిస్తాను. ఇంట్లో మనుషులు ఎలా మాట్లాడుకుంటారో రాయడం అలవాటైన తరువాతే ఆయన భక్తుల కథలకు వచ్చారు కనుక, కె.వి.రెడ్డి తొలిసారి దర్శకత్వం వహించిన ‘భక్త పోతన’లో పోతన పద్యం చదివేటప్పుడు మాత్రమే మహాకవిగా ఉంటాడు, తక్కిన వేళల్లో మన ఊరి పెద్దమనిషిలా తోస్తాడు. భాగవతాన్ని రాజుకు అంకితమివ్వనన్న ఘట్టానికి అంత బలం వచ్చింది కూడా అందువల్లనే అని నాకనిపిస్తుంది.

1954లో భరణీ వారి ‘విప్రనారాయణ’ వచ్చేసరికి పరిస్థితి మారింది. ఇక్కడ పక్కన నిలిచింది సంస్కృతంలో ‘గీతగోవిందం’ రాసిన జయదేవుడు. ‘సావిరహే తవ దీనా’ అనే అష్టపది వినిపించే చిత్రంలోనే సముద్రాల ‘ఎందుకోయీ తోటమాలి’ వంటి తేట తెలుగు పాటను రాశారు. రంగనాథుడికి పూలమాలలు కట్టే భక్తుడు దేవదేవి ప్రేమలో పడి దిగజారే కథ అది. అతణ్ణి అపహాస్యం చేయకుండా, అలాగని వెనకేసుకురాకుండా నడిపించడానికి భక్తి ఒక్కటే చాలదు, మనుషుల బలహీనతల మీద కనికరం కూడా ఉండాలి.

విష్ణుభక్తుల కథ నడిపిన ఆ కలమే నాలుగేళ్లకు ‘భూకైలాస్’లో శివుణ్ణి స్తుతించింది. ‘దేవదేవ ధవళాచల మందిర’ పాటను స్తోత్రంగా మాత్రమే వినేవారు అందులోని నాటకాన్ని గమనించకపోవచ్చు. రావణుడు హరుణ్ణి సంబోధిస్తూ గొంతెత్తితే, అదే పాటలో నారదుడు నారాయణుణ్ణి తలుస్తాడు. ఇద్దరు భక్తులు, ఇద్దరు దేవుళ్లు, ఒకే ‘నమో నమో’. కథలోని సంఘర్షణ అంతా ఆ పాటలోనే ఉంది.

1957లో వచ్చిన ‘వినాయక చవితి’తో ఆయన దర్శకత్వం కూడా చేపట్టారు. ఘంటసాల పాడిన ‘దినకరా శుభకరా’ ఆ చిత్రంలోదే. ఘంటసాలకు అత్తవారి ఊరు పెదపులివర్రే కావడం, మద్రాసు రమ్మని ఆయనను ప్రోత్సహించినది సముద్రాలే కావడం చాలామందికి తెలిసిన సంగతులే. దర్శకుడిగా మాత్రం సముద్రాల పేరు రచయితగా నిలిచినంత నిలవలేదు.

ఆయన పనితనానికి నిదర్శనం ఒక్కటే చూపమంటే, 1961 నాటి ‘సీతారామ కళ్యాణం’లోని ‘సీతారాముల కళ్యాణం చూతము రారండి’ అనే పెళ్లిపాటను చూపుతాను. శ్రీరామనవమి నాడు ఏ పందిట్లోనైనా మైకు పెట్టగానే మొదట వినిపించే పాట అది. సినిమా పాట అని తెలియక, తరతరాలుగా వస్తున్న పాటే అనుకునేవారిని నేనెరుగుదును. అలా అనుకోవడానికి కారణం పాట నడకలోనే ఉంది. పాడే గొంతులో పాండిత్యం లేదు, ఇరుగుపొరుగు వారిని పెళ్లికి రమ్మని పిలుస్తున్నట్టుంది. పెండ్లికొడుకు జుట్టుకు సంపెంగ నూనె రాయడం, నుదుట కస్తూరి నామం దిద్దడం వంటి ముచ్చట్లతోనే చరణం సాగుతుంది.

అయితే తలంబ్రాల చరణం దగ్గర ఆయన చదువు బయటపడుతుంది. మన శుభలేఖల మీద ‘జానక్యాః కమలామలాంజలిపుటే’ అనే శ్లోకం అచ్చువేయడం మామూలే. ముత్యాలు జానకి దోసిట్లో కెంపుల్లా ఎర్రబడి, రాముడి తల మీద మల్లెల్లా తెల్లగా మెరిసి, ఆయన మేని మీదుగా జారేటప్పుడు ఇంద్రనీలాలవుతాయని దాని భావం. సముద్రాల ఈ రంగుల వరుసను చిన్నగా సర్దారు. సీత దోసిట్లో కెంపులు, రాముడి దోసిట్లో నీలాలు, ఆపైన ఇద్దరి తలల మీదా ఆణిముత్యాలు. శ్లోకంలో తలంబ్రాలు రాముడి మీదనే పడతాయి, పాటలో ఇద్దరూ పోసుకుంటారు. తెలుగు పెళ్లిలో జరిగేది అదే కదా! సంస్కృతం తెలిసినవారికి శ్లోకం గుర్తొస్తుంది, తెలియనివారికి తాము కళ్లారా చూసిన పెళ్లే కనిపిస్తుంది.

రామకథను పిల్లల నోట పలికించిన ‘వినుడు వినుడు రామాయణ గాథ’ 1963 నాటి ‘లవకుశ’కు ఆయన రాసిందే. అదే సంవత్సరం ‘నర్తనశాల’కు మాటలు కూడా రాశారు. 1968 మార్చి 16న ఆయన కన్నుమూశారు.

చివరగా, తరచూ కనిపించే ఒక పొరపాటును సరిదిద్దాలి. ‘పాండురంగ మహాత్మ్యం’ను చాలామంది ఈయన ఖాతాలో వేస్తుంటారు. అందులోని ‘జయకృష్ణా ముకుందా మురారీ’ రాసింది ఆయన కుమారుడు సముద్రాల రామానుజాచార్య. సముద్రాల జూనియర్ అన్నది ఆయనకు వాడుకలో ఉన్న పేరు. ఆ ఖ్యాతి ఆయనకే దక్కాలి.