మలావీ పల్లీ చేలో మహిళా సలహాదారులు

వ్యవసాయ శిక్షణ పని మీద ఆఫ్రికాలోని మలావీ వచ్చే తెలుగువాళ్లకు వేరుశనగ కొత్త కాదు. పటాన్‌చెరులో ఉన్న పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు ఇక్కడి రాజధాని లిలోంగ్వే దగ్గర చిటెడ్జెలో కూడా కేంద్రం ఉంది. సీజీ 7 అనే వేరుశనగ రకం 1990లో ఇక్కడ విడుదలైంది. మనం కొత్తగా నేర్చుకోవాల్సింది ఈ పంట ఎవరి చేతుల మీద నడుస్తోందన్నది. విత్తడం, పీకడం, కాయలు దూయడం, వలవడం, ఎక్కువ భాగం ఆడవాళ్ల పనే. ఇక్కడి చిచేవా భాషలో మ్లంగిజి అనే వ్యవసాయ సలహాదారు మాత్రం చాలాచోట్ల మగమనిషి. అందుకే ఆడవాళ్లకే సలహాదారులుగా శిక్షణ ఇవ్వాలి.

ఎండిన కాయలు బస్తాలకు బస్తాలు వలిస్తే వేళ్లు పుండ్లవుతాయి. అందుకని నీళ్లు చల్లి, డొప్ప మెత్తబడ్డాక వలుస్తారు. ఆ తడికి బూజు పట్టి గింజలో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. ‘నీళ్లు చల్లొద్దు’ అని చెప్పి వెళ్లిపోతే ఎవరూ మానరు. సలహాదారు తనూ కాయలు వలిచిన ఆడమనిషైతే ముందు వేళ్ల సంగతి అడుగుతుంది, తర్వాత చేత్తో ఆడించే వలిచే యంత్రం చూపిస్తుంది. కాయల్ని సైజువారీగా వేరుచేయకుండా అందులో పోస్తే గింజ పగులుతుంది. పగిలిన గింజకు బూజు తొందరగా పడుతుంది, విత్తనానికీ పనికిరాదు.

ఆరబెట్టడం చేలోనే నేర్పాలి. పీకిన మొక్కల్ని ఒకటి రెండు రోజులు వాడనిచ్చి, గుండ్రంగా కుప్ప వేయాలి. కాయలు లోపలికి, ఆకులు బయటికి, నడుమ గాలి ఆడే ఖాళీ. దీన్ని మండేలా కాక్ అంటారు. నడిమి ఖాళీ పూడిపోతే లోపలి కాయ చెమ్మగిల్లుతుంది. కాయ ఊపితే గింజ గలగలమనాలి. నిల్వకు తేమ 7–8 శాతం మించకూడదు.

ఐదు రోజుల వసతి శిక్షణ చంటిపిల్లల తల్లులకు కుదరదు. వాళ్లే రాకపోతే ఎవరికి నేర్పినట్టు? పంట దశను బట్టి పూటపూటగా, నడిచి రాగల దూరంలో పెట్టండి. వానలు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా కాబట్టి విత్తే పాఠం అక్టోబరుకే అయిపోవాలి. కుప్ప వేయడం మాత్రం కోతల్లోనే, పచ్చి మొక్కలు చేతికిచ్చి నేర్పాలి. చదువు రానివాళ్లకు బొమ్మల అట్టలు, కొలత గుర్తులున్న కర్ర చాలు.

శిక్షణ అయ్యాక సలహాదారులకు సైకిలు, దాని మరమ్మతు ఖర్చు తప్పక ఇవ్వాలి. స్వచ్ఛంద సేవ అని పేరుపెట్టి ఊళ్లు తిప్పడం అన్యాయం. పైగా రెండో సీజనుకు వాళ్లు మానేస్తారు. మొదటి నెల ప్రతి సలహాదారు చెప్పే పాఠానికి వెళ్లి వెనక కూర్చోండి. తప్పు చెబితే అందరి ముందు దిద్దొద్దు, రైతులు వెళ్లాక ఆమెతోనే మళ్లీ కుప్ప వేయించండి.