మడ అడవిలో నీటిపిల్లికి కెమెరా కట్టేటప్పుడు

కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవిలో నీటిపిల్లిని (ఫిషింగ్ క్యాట్) లెక్కపెట్టాలంటే ముందు పోటూపాటూ తెలియాలి. జంతువు కదిలితే తనంతట తనే ఫొటో తీసే కెమెరాని మామూలు రోజున చూసి కట్టేస్తే, అమావాస్యకో పున్నమికో వచ్చే పెద్దపోటుకి మునిగిపోతుంది. మడ చెట్ల మొదళ్ల మీద బురద గుర్తు ఎంతవరకుందో చూసి, జానెడు పైనే కట్టాలి. మరీ ఎత్తయితే పిల్లి వీపు తప్ప ఏమీ పడదు. అలాంటప్పుడు చోటు మార్చడమే మేలు.

ఒక్కో పిల్లికి మచ్చల వరస వేరు. పైగా కుడిపక్క మచ్చలు ఎడమపక్కకి పోలవు. అందుకే దారికి అటొకటి, ఇటొకటి రెండు కెమెరాలు కావాలి. సరిగ్గా ఎదురెదురుగా పెడితే ఒకదాని ఫ్లాష్ రెండోదాని ఫొటోని తెల్లగా మింగేస్తుంది, కాస్త పక్కకి జరపండి.

కార్డు నిండా ఖాళీ ఫొటోలేనా? సెన్సారు పట్టేది వేడిలో తేడాని. ఎండకి కాగిన ఆకు ఊగినా దానికి జంతువే. కొమ్మ నరకొద్దు, 1978 నుంచీ కోరింగ అభయారణ్యం. తాడుతో పక్కకి లాగి కట్టండి. కెమెరా ముఖం తూర్పు పడమరలకి మాత్రం తిప్పకండి, ఎండ సూటిగా పడుతుంది. ఉప్పుగాలికి బ్యాటరీ కొసలు చిలుం పడతాయి, లోపల తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం ఉండాల్సిందే.

బురదలో అడుగులూ చూడండి. నీటికుక్కకి ఐదు వేళ్లు, పిల్లికి నాలుగు. గోళ్ల గుర్తు ఉందని కొట్టిపారెయ్యకండి, ఈ పిల్లి గోళ్లు పూర్తిగా లోపలికి పోవు.